పొలిమేరలో పేలిన పెళ్ళివ్యాను

మా ఇంటి దేవుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. పందొమ్మిది వందల అరవైల్లో, నా కుర్రతనంలో, పెళ్ళికొడుకును చింతామణి నుంచి బాగేపల్లికి మా పాత వ్యానులో తీసుకెళ్తున్నాను. గాలితోనే చల్లబడే ఆ ఇంజను బాగేపల్లి పొలిమేరలో ఆగిపోయింది.

“ముహూర్తం తప్పితే పెండ్లికూతురి నాయనకు నువ్వే జవాబు చెప్పల్లప్పా!” అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

ప్లగ్గులో నిప్పురవ్వ పడే టైమింగు తప్పిందని డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పి స్టార్టు చేశాను. “ఢాం!” అని పేలింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ “ఢాం!”

ఆడపెళ్ళివారు అవి మేం కాల్చిన ఔటు టపాకాయలనుకుని మేళంతో, హారతితో ఎదురొచ్చేశారు.

“భలే ఔట్లు తెచ్చినారప్పా! ఇంగా ఉండాయా?” అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

“అయిపోయినాయప్పా,” అంటూ చివరిసారి తిప్పాను. ఇంజను స్టార్టయింది. ముహూర్తానికి పందిట్లో ఉన్నాం.

కల్పించింది ఒక్కటే, ఇంజను స్టార్టయిందన్న మాట. మేళగాళ్ళు డోళ్ళను వ్యానెక్కించి పందిరిదాకా తోశారు. తోసినవాళ్ళలో పెళ్ళికొడుకూ ఉన్నాడు.