గన్నేరు దండలు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను తాడేపల్లిగూడెంలో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. పెళ్ళయిన ఏడాది దీపావళికి, కొల్లేటి ఒడ్డున ఉన్న అత్తవారి ఊరు వెళ్ళాం. కొత్త దంపతులమని మా గది గుమ్మానికి గన్నేరు పూలు ఆకులతో సహా గుచ్చి దండలు కట్టారు.

పండగనాటి ఉదయం, వాడిన దండలు తీసి మా అత్తగారు పెరట్లో పడేశారు. నా భార్య సుభద్ర సీసాతో పాలు పట్టి పెంచిన మేకపిల్ల బుల్లి వాటిని నమిలేసింది. కాసేపటికి నోట నురగలు కక్కుతూ కూలబడింది.

"గన్నేరాకు తినేసిందే అమ్మా!" అని సుభద్ర కేక పెట్టింది.

పశువుల డాక్టరు ఆకివీడులో ఉండేవాడు. కొల్లేరు దాటడానికి మావగారు దోనె కోసం పరుగెత్తారు. ఆయన తిరిగొచ్చేలోపే బుల్లి సుభద్ర ఒళ్ళో ప్రాణం విడిచింది.

ఆమె భోరుమంది.

"ఊరుకో తల్లీ, పండగ పూట కంటతడి పెట్టకూడదు. అల్లుడుగారు చూస్తున్నారు," అన్నారు అత్తగారు.

సుభద్ర మొహం కడుక్కొచ్చి నాకు బొబ్బట్లు వడ్డించింది. నెయ్యి విస్తరి బయట పోసింది.

"నా ముందు ఏడిస్తే తప్పేం లేదు," అన్నాను మెల్లగా.

"అబ్బే, ఏం లేదండి. మీరు తినండి," అంది తలెత్తకుండా.

గన్నేరు కాయ విషమని అందరికీ తెలుసు. గుమ్మానికి కట్టిన దండ గురించి ముందుగా ఎవరికీ తట్టలేదు. అత్తగారిని నేనేమీ అనలేను.

చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళమ్మ పోయిన రోజు కూడా సుభద్ర నా ఎదుట ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను బయటే నిలబడిపోయాను.