కృష్ణయ్య గారి మతం

నీరజకు ఒకచోట కుదురుగా కూర్చోవడం ఎప్పుడూ చేతకాలేదు. జగ్గయ్యపేటలో ఆమె భర్త ఓంకార్‌కి పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. మధ్యాహ్నం అతను భోజనానికి వెళితే గల్లాపెట్టె దగ్గర ఆమె కూర్చోవాలి. కూర్చునేది గానీ, కాళ్ళు ఆడుతూనే ఉండేవి. కళ్ళు ఒకసారి వీధి మీద, ఒకసారి ఫోను మీద.

కరోనా రెండో విడతలో తమ్ముడు పోయాక ఆ అసహనం మరీ పెరిగింది. ఏడుస్తూ కూర్చోలేక, ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వంలో సొంత పేరుతోనే రాయడం మొదలుపెట్టింది. మొదట పుట్టిల్లు నందిగామ గురించి, తర్వాత పక్కన పారే మునేరు గురించి, ఆ తర్వాత చుట్టుపక్కల మనుషుల గురించి. కందిపప్పు బస్తా తూకం వేయిస్తూనే ఒక వాక్యం సరిచేసేది.

పోయిన వర్షాకాలంలో నందిగామ కృష్ణయ్య గారు చనిపోయారు. పాతకాలంలో పంచాయతీ సమితి ప్రెసిడెంటుగా చేసి, మెట్ట పొలాలకి ఎత్తిపోతల నీళ్ళు తెప్పించిన మనిషి. నీరజ స్కూల్లో చదివేటప్పుడు వార్షికోత్సవానికి ఆయన్ని పిలిచారు. జ్యోతి వెలిగించమని అగ్గిపెట్టె చేతికిస్తే, దాన్ని హెడ్‌మిస్ట్రెస్ చేతిలో పెట్టి, "మీరు వెలిగించండమ్మా, గాలి రాకుండా నేను అడ్డం నిలబడతా" అన్నారు. నమ్మని పని చెయ్యకుండా, నమ్మేవాళ్ళని కించపరచకుండా ఆ పెద్దమనిషి నిలబడ్డ తీరు ఆమె మర్చిపోలేదు.

ఆయన మీద వ్యాసం ఆమే రాసింది. పేజీ పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. పుట్టిన తేదీ, ఊరు, పదవులు, భార్యాపిల్లల పేర్లు, వాటితోపాటు మతం. ఆ గడిలో ఏమీ ఆలోచించకుండా 'నాస్తికుడు' అని పెట్టింది.

మర్నాటికల్లా అది 'హిందూ' అయింది. మార్చినవాడు కంచికచర్లలో కోచింగ్ సెంటర్ నడిపే రవితేజ. అతని పరిచయ పేజీలో ఉన్నదంతే, ఒకరి ముఖం ఒకరు ఎరగరు. పుట్టుక, పెళ్ళి, చివరికి పేపర్లో వచ్చిన పెద్దకర్మ వార్త, అన్నీ సాక్ష్యాలుగా చూపించాడు. నీరజ మళ్ళీ మార్చింది. అతనూ మార్చాడు. మధ్యలో ఎవరో వచ్చి 'మతం: నాస్తికత్వం' అని పెట్టిపోయారు.

మార్పుల గురించి వాదించుకోడానికి వ్యాసం వెనక ఉండే చర్చా పేజీలో రవితేజ రాశాడు: "మతం అన్న గడిలో మతం పేరే ఉండాలండి. నాస్తికత్వం మతం ఎప్పుడైంది? అయితే దాని పండగలేంటో కూడా రాయండి."

నీరజకి ఒళ్ళు మండింది. వెంటనే జవాబు కొట్టబోయింది, వేళ్ళు ఆగిపోయాయి. అతను అన్నదాంట్లో తప్పేముంది? కొట్లో ప్రతి గోతం మీదా సరుకు పేరు రాస్తారు. ఖాళీ గోతం మీద ఏం రాస్తారు? మడిచి పక్కన పెడతారు. అలాగని అది వేరే కొట్టువాడి సరుకని ముద్ర వేయనిస్తారా? ఆ రోజు ఆమె మినప్పప్పు అడిగినవాళ్ళకి పెసరపప్పు తూయించింది.

నాలుగు రోజుల్లో గొడవ ఇంటిదాకా వచ్చింది. కృష్ణయ్య గారి కొడుకు నవీన్‌బాబుకి నందిగామలో పప్పుమిల్లు ఉంది. వీళ్ళ కొట్టుకి సరుకు అక్కణ్ణించే. అతను ఓంకార్‌కి ఫోన్ చేసి, "మా నాన్న నాస్తికుడని మీ ఆవిడ లోకమంతా చాటుతోందంటగా" అన్నాడు.

ఓంకార్ ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు. "తీసెయ్యి నీరజా. మనకెందుకిది?"

"హిందూ అని వదిలెయ్యమంటారా?"

"ఏదో ఒకటి. ఆయన వచ్చి చూసుకుంటాడా ఏంటి?"

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. చూసుకోలేని మనిషి గురించే గదా జాగ్రత్తగా ఉండాల్సింది! మర్నాడు పొద్దున్నే నందిగామ బస్సెక్కింది.

నవీన్‌బాబు గుమ్మంలోనే ఎదురయ్యాడు. కోపంగా లేడు, కంగారుగా ఉన్నాడు. "కూర్చోండమ్మా. ఈసారి మున్సిపల్ ఎన్నికల్లో నిలబడదామనుకుంటున్నా. ఎదటివాళ్ళు ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పుతున్నారు, దేవుడు లేడన్న ఇంటోడికి ఓటేస్తారా అని. హిందూ అని పెడితే మీ సొమ్మేం పోయింది?"

"ఆయన తనని అలా చెప్పుకున్నారాండి?"

నవీన్‌బాబు కుర్చీ తుడిచి ఆమె ముందుకి జరిపాడు. లోపల్నించి సుబ్బమ్మ గారు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చారు. కృష్ణయ్య గారి భార్య, ఎనభై దాటిన మనిషి.

"ఏమ్మాయ్, నువ్వేనా రాసింది? చదివి వినిపించారు. అంతా బానే ఉంది గానీ, ఆ ఒక్కమాట బాలేదు."

"నాస్తికుడు అన్నదాండి?"

"ఊళ్ళో అది తిట్టు గదమ్మా. పిల్లలు స్నానం చెయ్యకుండా తింటే అనేవాళ్ళం. ఆయన తన గురించి ఆ మాట అనుకోగా నేను ఏనాడూ వినలా. ప్రతి ఏడూ నన్ను స్కూటర్ మీద పెనుగంచిప్రోలు అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళేవాడు. నేను లోపలికెళితే ఆయన బయట పేపరు చదువుకునేవాడు. ప్రసాదం పెడితే తినేవాడు. దణ్ణం మాత్రం పెట్టలా."

"మరి పెద్దకర్మ..."

"అది నేను చేయించుకున్నా, నా మనశ్శాంతికి. ఆయన లెక్కలో వెయ్యబాకు." కొడుకు వైపు తిరిగారు. "నువ్వూ వెయ్యబాకురా."

నవీన్‌బాబు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నీరజ వాళ్ళిచ్చిన కాఫీ తాగి లేచింది. హిందూ కాదని తేలింది, నాస్తికుడన్నదీ ఆయన మాట కాదని తేలింది. మరి ఏం రాయాలి?

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, లోకల్ కేబుల్ చానల్ వాళ్ళు చేసిన కృష్ణయ్య గారి ఇంటర్వ్యూ ఫోన్లో మళ్ళీ పెట్టుకుంది. తన వ్యాసానికి ఆధారంగా ఇచ్చింది దాన్నే. పక్కనించి లారీలు హోరుమంటుంటే ఇయర్‌ఫోన్లు చెవులకి నొక్కిపెట్టుకుని వింది. యాంకర్ కుర్రాడు హుషారుగా అడిగాడు, "మీరు నాస్తికులు కదండీ?" ఆయన నవ్వారు. "నాకు మతం లేదు బాబూ. దానికి నువ్వేం పేరు పెట్టుకుంటావో నీ ఇష్టం."

నీరజ అదే ముక్క నాలుగైదుసార్లు వింది. తను రాసింది యాంకర్ మాట. ఆయన మాట కాదు. రవితేజ ఒక పేరు తగిలిస్తే, తను ఇంకో పేరు తగిలించింది. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగితే, ఇక కూర్చోలేక దిగిపోయి, ఆటో ఎక్కి ఇల్లు చేరింది.

సాయంత్రం అత్తగారు పుష్పవతి వంకాయలు తరుగుతూ ఉన్నట్టుండి అడిగారు. "నువ్వు కూడా అదేనా?"

"ఏదండీ?"

"తమ్ముడు పోయిన్నించి నువ్వు దేవుడి గదిలో నిలబడతావు గానీ, పెదాలు కదలవు. నాకు కనపడదనుకున్నావా?"

నీరజ తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తోసింది. అవునంటే ఇంట్లో ఏమవుతుందో తెలీదు. కాదంటే అబద్ధం. ఇంతకీ అవునో కాదో తనకే తెలీదు. కోపం ఉంది, ఎవరి మీదో మాత్రం తేలలేదు.

"ఏమోనండీ అత్తయ్యా. దానికి ఏం పేరో నాకు తెలీట్లా."

పుష్పవతి కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. ఇంకో వంకాయ అందుకుని, "తెలిసినప్పుడు చెబుదువుగాని. ఈలోపు ఎవరన్నా అడిగితే నన్నడగమను" అన్నారు. నీరజకి ఏడుపొచ్చింది. నీళ్ళ చెంబు కోసమన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్లో కూర్చుని, పేజీ పక్కనున్న పెట్టెలోంచి మతం అన్న వరసనే తీసేసింది. లోపల, ఆయన జీవితం గురించిన భాగంలో రెండు వాక్యాలు చేర్చింది: తనకు మతం లేదని కృష్ణయ్య ఒక ఇంటర్వ్యూలో చెప్పారు, మరణానంతరం కుటుంబం హిందూ సంప్రదాయంలో కర్మ జరిపించింది. చర్చా పేజీలో "మొదట నేను పెట్టిన మాట ఆయనది కాదు, పొరపాటు నాదే" అని రాసింది.

జవాబు కోసం ఆ పూటంతా ఫోను తీసి చూస్తూనే ఉంది. రవితేజ మూడో రోజు రాశాడు. "గడి ఖాళీగా ఉంచడం నాకు నచ్చదండి. కానీ ఆ వాక్యాలు నిజమే. నేను మార్చను."

నవీన్‌బాబు మాత్రం మిల్లు నుంచి లోడు రెండు వారాలు ఆలస్యం చేశాడు. ఓంకార్ గొణిగాడు గానీ తీసెయ్యమని మళ్ళీ అనలేదు. ఒక మధ్యాహ్నం నవీన్‌బాబు ఫోన్ నీరజకే వచ్చింది. ఆమె గల్లాపెట్టె మూసి ఫోనెత్తింది.

"అమ్మ మళ్ళీ చదివించుకుందండి. 'ఇది మీ నాన్న మాటేరా' అంది. ఓట్ల సంగతి నేను చూసుకుంటా. ఆ పేజీలో నాన్న ఫొటో బాలేదు, కళ్ళజోడు వంకరగా ఉంది. మంచిది పంపిస్తా, మారుస్తారా?"

"మారుస్తానండి. మీరు పంపే ఫొటో ఎవరు తీశారో కూడా చెప్పండి, పేరు రాయాలి."

"నేనే తీసా" అన్నాడు నవీన్‌బాబు.

అయినా పేజీకి నిలకడ రాలేదు. ఎక్కణ్ణించో ఎవరో వచ్చి మతం వరస మళ్ళీ చేరుస్తుంటారు, ఒకసారి హిందూ, ఒకసారి నాస్తికత్వం. నీరజ తీసేసి, చర్చ చదవమని మర్యాదగా రాస్తుంది. నిన్న కూడా, కొట్టు ముందు లోడు దిగుతుంటే బస్తాలు లెక్కపెట్టమని ఓంకార్‌కి చెప్పి, పక్కకి జరిగి ఫోనులో ఆ పేజీ తెరిచింది.