నీళ్ళతో రాసిన గడియ

మా పక్కింటి చైనా మాస్టారు పోయారు. ఎండలు తగ్గేదాకా కూతురి దగ్గర ఉండొస్తానని వెళ్ళినవారు అక్కడే కన్నుమూశారు. ఆ సంగతి ఆయన ఇంటికి తాళం మార్చడానికొచ్చిన అపార్ట్‌మెంట్ ఆఫీసు మనిషి చెప్పాడు. చెబుతూనే స్క్రూలు బిగించుకున్నాడు.

అరిజోనాలోని ఈ చాండ్లర్‌లో మా గుమ్మాలు రెండూ పక్కపక్కనే. ఆయన ఒక్కరే, మా ఆవిడ పోయాక నేనూ ఒక్కణ్ణే. ఆయన వాళ్ళ ఊళ్ళో బడిపంతులు, నేను మా ఊరి బడిలో వెనకబెంచీ. ఇంగ్లీషుని ఇద్దరం సమానంగా హింసించేవాళ్ళం కనక స్నేహం కుదిరింది.

రోజూ పొద్దున్నే ఆయన తలుపు గడియ టక్కుమనేది. నేనూ నాది తీసేవాణ్ణి. బతికే ఉన్నామని ఒకరికొకరు చెప్పుకోవడం అంతే, గుడ్ మార్నింగ్ ఖర్చు ఉండేది కాదు. ఒకసారి జ్వరమొచ్చి నేను లేవలేదు. వచ్చి తలుపు దబదబా బాదారు.

"గడియ తియ్యలేదేం? పోయావా?"

"ఇంకా లేదు మాస్టారూ."

"అయితే తియ్యి. గంజి చల్లారిపోతోంది."

అందులో ఉప్పు లేదు. అడిగితే, "రోగికి రుచెందుకు?" అన్నారు. అంత చప్పటి గంజిని అంత ఇష్టంగా నేనెప్పుడూ తాగలేదు.

రోజూ గడియ తీశాక ఆయన పొడుగాటి బ్రష్ బకెట్ నీళ్ళలో ముంచి, గుమ్మాల ముందు సిమెంటు మీద అక్షరాలు రాసేవారు. వాళ్ళ దేశంలో పార్కుల్లో పెద్దవాళ్ళు అలాగే రాస్తారట. అరిజోనా ఎండకి రాస్తుండగానే ఆరిపోయేవి. "ఇక్కడ ఎరేజర్ ఫ్రీ" అనేవారు.

నాకు నేర్పింది ఒక్క అక్షరమే. ముందు రెండు రెక్కల తలుపు, ఆ తర్వాత లోపల గడియ. మొదట్లో దాని అర్థం తలుపు బిగించే గడియేనట. తర్వాత మూయడం అయింది. ఆపైన కొండదారిలో కాపలా ఉండే సరిహద్దు ద్వారం. చివరికి మనిషికీ మనిషికీ ఉండే సంబంధానికి కూడా ఆ అక్షరమే వాడుకున్నారు.

"తలుపు మూసుకోవడం సంబంధమేంటి మాస్టారూ? మా ఊళ్ళో దాన్ని తగువంటారు."

"గడియ లేకపోతే ఈ రెక్క అటు, ఆ రెక్క ఇటు. రెండిటినీ కలిపి పట్టుకునేది అదే."

అని, తడి బ్రష్‌తో నా చెప్పు మీద ఒకటిచ్చి, "నీ తలుపు వంకర. మళ్ళీ రాయి" అన్నారు.

ఇప్పుడు వాళ్ళ దేశంలో ఆ అక్షరాన్ని కుదించి, తలుపు భాగం ఎగరగొట్టి లోపలి గడియ మాత్రమే రాస్తున్నారట. ఆయనకది నచ్చేది కాదు. "తలుపు లేని గడియ దేనికి?" అని గొణుక్కునేవారు.

కూతురి దగ్గరికి వెళ్తూ బ్రష్ నా చేతికిచ్చి, "నేనొచ్చేసరికి తలుపు నిటారుగా రావాలి" అన్నారు.

ఇప్పుడు నేను గడియ తీస్తే వినేవాళ్ళు లేరు. తియ్యకపోతే బాదేవాళ్ళూ లేరు. అయినా కొంచెం గట్టిగానే తీస్తున్నాను.

ఇవాళ బకెట్ నింపి ఆయన గుమ్మం ముందు ఆ అక్షరం రాశాను. తలుపు నిటారుగానే వచ్చింది. చూస్తుండగానే ఎడమ రెక్క ఆరింది, తర్వాత కుడి రెక్క. లోపలి గడియ ఇంకా తడిగానే ఉంది.