మిగతా నాలుగో పేజీలో

మా మావయ్యకి ఆఫీసులో అసలు పేరుతో పనిలేదు. అందరూ "అంటే గారు" అనే పిలుస్తారు. ఎదుటివాళ్ళు ఏం చెప్పినా "అంటే?" అని ఆరా తీయడం ఆయన అలవాటు. ఇంట్లో అత్తయ్య "కూరలో ఉప్పు కాస్త ఎక్కువైనట్టుంది" అన్నా వదలడు, "కాస్త అంటే?" అంటాడు. ఆవిడ గరిటె చూపించి "ఇదిగో, దీంతో ఒకటిచ్చుకుంటే తెలుస్తుంది" అంటుంది.

మాది చిన్న దినపత్రిక. ఒకే హాలు, ఆ హాల్లోనే అందరి బల్లలూ. నేను ప్రకటనలు తీసుకునే బల్ల దగ్గర కూర్చుంటాను. మావయ్య కిటికీ పక్కన కూర్చుని కోర్టు వార్తలు, పురపాలక సంఘం వార్తలు రాస్తాడు. లాయర్ల భాషను నలుగురికీ అర్థమయ్యేలా విడమర్చి చెప్పడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని ఊళ్ళో పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. కాస్త గర్వం కూడా ఉంది, ఎందుకు దాచాలి.

దానికి ఆయన పాటించే పద్ధతి ఒకటుంది. ఏ తీర్పు గురించి రాసినా, అచ్చుకి ఇచ్చేముందు ఆఫీసు వెనక సందులో ఇస్త్రీ చేసే అక్కకి చదివి వినిపించేవాడు. అక్క చదువుకోనిదేం కాదు, రోజూ మా పేపరు చదువుతుంది. కానీ అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపే మొహమాటం ఆమెకి లేదు. ఇస్త్రీ పెట్టె ఆపకుండానే "అది నాకెక్కలేదు సార్" అనేసేది. మావయ్య అక్కడే గోడకి కాగితం ఆనించి వాక్యం మార్చేవాడు. వెళ్తూ వెళ్తూ ఉతికిన చొక్కాలు ఇచ్చి, మడతపెట్టినవి తెచ్చుకునేవాడు. ఆయన చొక్కా మీద ముడత నేనెప్పుడూ చూడలేదు.

ఈ కథంతా ఆ అక్క గురించీ, మావయ్య గురించీ, ఒక తీర్పు గురించీ.

ఆఫీసు వెనక ఆ సందు, పల్లంలో ఉన్న నాలుగు సందుల్లో ఒకటి; అక్క ఇల్లూ కొట్టూ అక్కడే. గట్టి వాన పడితే మురుగునీళ్ళు తిన్నగా ఇళ్ళలోకి వస్తాయి. నీళ్ళొస్తే కరెంటు తీసేస్తారు. కరెంటు లేకపోతే అక్కకి పనిలేదు. వార్డు సభ్యుడు ఎన్నికలప్పుడు తప్ప ఆ ఛాయలకు రాడు. అడిగి అడిగి విసుగొచ్చి, ఈసారి అక్కనే నిలబెడదామని నాలుగు సందులవాళ్ళూ ఒక మాట మీదికొచ్చారు. అందరూ ఒకే వార్డులో ఉన్నారు, అందరూ వేస్తే గెలుపు ఖాయం. మొదట వద్దని మొండికేసినా, తర్వాత అక్కకే పట్టుదల వచ్చింది. "నేను కుర్చీలో కూర్చోవడానికి కాదమ్మాయ్, ఆ కాలవ తవ్వించడానికి," అని నాతో అంది.

సరిగ్గా అప్పుడే పురపాలక సంఘం వార్డుల హద్దులు మార్చింది. జనాభా పెరిగింది, వార్డుల్లో జనం సమానంగా ఉండాలి అని కారణం చెప్పారు. కారణం బాగానే ఉంది. కానీ కొత్త పటంలో ఆ నాలుగు సందులూ మూడు వార్డుల్లోకి చెదిరిపోయాయి. అక్క ఇల్లు పాత ఏడో వార్డులోనే మిగిలింది, ఎదుటి వరస తొమ్మిదిలోకి పోయింది. "నాలుగు మూరల గుడ్డని మూడు ముక్కలు చేస్తే చొక్కా మాట దేవుడెరుగు, జేబు కూడా రాదు," అంది అక్క. అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇచ్చామన్నారు గానీ, ఆ నోటీసు ఎక్కడ అంటించారో ఎవరికీ తెలియదు. సందులవాళ్ళు చందాలు వేసుకుని కోర్టుకెళ్ళారు.

ఆ కేసు నెలల తరబడి నడిచింది. మా ఆఫీసులో దానికి "విభజన" అని ముద్దుపేరు పడిపోయింది. "ఇవాళ విభజన ఏమైంది?" అని ఎడిటర్ గారు అడిగేవారు. "విభజన మళ్ళీ వాయిదా అండీ" అనేవాడు మావయ్య. "వార్డుల విభజన వాయిదా" అని శీర్షిక కూడా పెట్టారు. వాయిదా పడింది కేసేనని చదివినవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ పొరబడలేదు.

తీర్పు వచ్చేనాటికి నామినేషన్లకు ఇంకొక్క రోజే మిగిలింది. మావయ్య కాగితం పట్టుకుని ఎప్పటిలాగే సందులోకి వెళ్ళాడు. అక్క కొట్టు మూసి ఉంది. నామినేషన్ కాగితాలు సర్దుకోవడానికి ఎదురింటికి వెళ్ళిందట. సరేలే అని వెనక్కి వచ్చేశాడు. ఈలోగా నా బల్ల మీదికి బీరువాల కొట్టువాళ్ళ ప్రకటన వచ్చింది. మొదటి పేజీలోనే కావాలన్నారు, ఎడిటర్ గారు ఒప్పుకున్నారు. వార్తకి చోటు సగమైంది. మావయ్య విసుక్కుంటూ "కేసు" అన్న మాట తీసేసి శీర్షికను కుదించాడు. వార్తలో సగం నాలుగో పేజీకి పోయింది.

మర్నాడు పొద్దున పేపర్లో పెద్ద అక్షరాలతో పడింది: "వార్డుల విభజన కొట్టివేత". కింద మొదటి వాక్యం, విభజన చేసిన పద్ధతి సరిగా లేదని కోర్టు తప్పుపట్టిందని. ఆ తర్వాత, మిగతా నాలుగో పేజీలో.

అంతకుముందు సాయంత్రమే సందులవాళ్ళ లాయరు గారి దగ్గర పనిచేసే జూనియర్, "కొట్టేశారు, వివరాలు రేపు" అని ఫోన్‌లో ఒక ముక్క పంపి చేతులు దులుపుకున్నాడు. పొద్దున్నే మా పేపరు చూసి ఆ ముక్కకి అందరూ ఒకటే అర్థం చెప్పుకున్నారు. కొత్త పటం పోయింది, పాత వార్డులే ఉన్నాయి! అక్క ఉతికిన చీర కట్టుకుని, ఎదురింటి పెద్దాయన చేత తన పేరు ప్రతిపాదించే సంతకం పెట్టించుకుని, ఏడో వార్డుకి నామినేషన్ వేసి వచ్చింది.

ఆ మర్నాడు కాగితాల పరిశీలనలో అది చెల్లదన్నారు. పేరు ప్రతిపాదించే మనిషి అదే వార్డు ఓటరై ఉండాలి. ఎదురింటి పెద్దాయన ఇప్పుడు తొమ్మిదో వార్డు.

అక్క అక్కణ్ణుంచి నేరుగా మా ఆఫీసుకి వచ్చింది. చేతిలో పేపరు. మావయ్య లేచి నిలబడ్డాడు.

"సార్, కొట్టేశారనే కదా మీరు రాశారు?"

"అవునమ్మా. కేసు కొట్టేశారు. ఏమైంది?"

"కేసు అని ఎక్కడుంది సార్?"

మావయ్య పేపరు అందుకున్నాడు. శీర్షిక చదివాడు. మళ్ళీ చదివాడు. జీవితంలో మొదటిసారి ఆయన "అంటే" అనలేదు. హాల్లో ఫోను మోగుతోంది, ఎవరూ తీయలేదు. అక్క ఒక్క మాట కూడా తిట్టలేదు. పేపరు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని నాకనిపించింది.

మావయ్య ఎన్నికల అధికారి దగ్గరికి పరిగెత్తాడు. తప్పు మాది, ఆమెది కాదు, ఒక్క సంతకం మార్చుకోనివ్వండి అని బతిమాలాడు. "పేపరు చదివి నామినేషన్ వెయ్యమని ఎవరన్నారండీ?" అన్నాడాయన. అందులోనూ న్యాయం ఉంది, నాకు ఒళ్ళు మండినా ఒప్పుకోక తప్పదు. మొదటి పేజీలో అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయమని మావయ్య పట్టుబట్టాడు. ఎడిటర్ గారు లోపలి పేజీలో అగ్గిపెట్టెంత చోటిచ్చారు. ఏడో వార్డులో పాత సభ్యుడికి పోటీయే లేకపోయింది. ఏకగ్రీవం. మళ్ళీ ఎన్నికలంటే ఐదేళ్ళు.

అప్పట్నుంచి మావయ్య నలిగిన చొక్కాలతో ఆఫీసుకి రావడం మొదలుపెట్టాడు. అంతకుముందు అక్కకిచ్చిన చొక్కా తెచ్చుకోవడానికి కూడా వెళ్ళలేదు. అత్తయ్య ఇస్త్రీ చేస్తానంటే వద్దన్నాడు. నాకు జాలీ కోపమూ రెండూ కలిగాయి. నలిగిన చొక్కా వేసుకుంటే కాలవ తవ్వినట్టా? ఒకరోజు ముఖం మీదే అడిగేశాను.

"మావయ్యా, ఆ తీర్పు ఏమిటో ఆమెకి ఇప్పటికైనా ఎవరన్నా సరిగ్గా చెప్పారా?"

ఆయన రాస్తున్నది ముగించి, తీర్పు కాగితం మడిచి పట్టుకుని, "నువ్వూ రా" అన్నాడు.

ముందురోజు వాన పడింది. సందులో మోకాళ్ళ కింద దాకా గోడలు తడిసి ఉన్నాయి. కరెంటు అప్పుడే వచ్చినట్టుంది, అక్క పెట్టె వేడెక్కడం కోసం చూస్తోంది. మావయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చదవండి సార్," అంది, ఏమీ జరగనట్టే.

మావయ్య చదవలేదు. కాగితం చేతిలో ఉంచుకుని నోటితో చెప్పాడు. "హద్దులు మార్చే అధికారం పురపాలక సంఘానికి ఉంది. కానీ మార్చేముందు మీ మాట వినాలి. వినలేదు, అది తప్పే అంది కోర్టు. ఐతే కేసు తేలేనాటికే ఎన్నికల ప్రకటన వచ్చేసింది. ఒకసారి ఎన్నికలు మొదలయ్యాక మధ్యలో మేము ఆపము అంది. అందుకని మీ కేసు కొట్టేసింది. ఈసారికి కొత్త పటం ప్రకారమే ఎన్నికలు. ఐపోయాక సంఘం అందర్నీ పిలిచి, అభ్యంతరాలు విని, పటం మళ్ళీ గీయాలి."

అక్క పెట్టె మీద నీళ్ళు చిలకరించి చూసింది. చుయ్యిమంది.

"అంటే," అంది అక్క, "న్యాయం మాదేనని చెప్పి, మమ్మల్నే వెళ్ళిపొమ్మన్నారన్నమాట."

"ఇప్పటికి అంతేనమ్మా."

"ఇది ఆ రోజు తెలిస్తే పక్కింటావిడ చేత సంతకం పెట్టించుకునేదాన్ని. ఆమె ఏడులోనే ఉంది."

మావయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాలుగో పేజీలో రాశానమ్మా, అంతా రాశాను," అన్నాడు, చిన్నపిల్లాడు సంజాయిషీ చెప్పుకున్నట్టు.

అక్క లోపలికి వెళ్ళి మడతపెట్టిన చొక్కా తెచ్చింది. నీళ్ళొచ్చినప్పుడు పై అరలో పెట్టిందేమో, పొడిగా ఉంది. ఆయన చేతిలో పెట్టింది.

"మీరు రాసింది నాకు అర్థం కాకపోవడం ఎప్పుడూ లేదు సార్," అంది. "అందుకే పేజీ తిప్పలేదు."

ఆ తర్వాత పెట్టె తీసుకుని పనిలో పడింది. మేము తిరిగి వచ్చాం. దారి పొడుగునా మావయ్య ఆ చొక్కా రెండు చేతులతో పట్టుకునే నడిచాడు.