పైడితల్లి గొర్రె ఎడమ కాలు

2022 వానాకాలం, ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్. నలభై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాణ్ని. గొర్రె నాలుగడుగులు వేస్తే చాలు, ఏ కాలో, ఏ రోగమో దూరం నుంచే చెప్పేస్తానని ఈ రైల్వే క్వార్టర్లలో నాకు పేరు. ఆ పేరు ఊదిందీ నేనే. నలభై అన్నది కూడా సాగదీసిందే. చేసింది ఇరవై రెండు, అందులో సగం మందుల గదిలోనే గడిచింది.

నడకను మేము గెయిట్ అంటాం. ముందుకాలు నొప్పిగా ఉంటే, అది నేలకు ఆనగానే గొర్రె తల పైకెత్తుతుంది, బరువు దాని మీద పడకుండా. మంచి కాలు ఆనినప్పుడు తల దిగుతుంది.

పైడితల్లి మొగుడు రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేస్తుండగానే చనిపోయాడు. రైలు పట్టాల పక్కన మేపుకునే ఆరు గొర్రెలే ఆమెకు ఆధారం. పది రోజుల క్రితం ఈనిన తల్లి గొర్రె కుంటుతోందని మా ఇంటికి తోలుకొచ్చింది. వాన వెలిసి సందంతా బురద. వరండాలో కూర్చునే నడిపించమన్నాను. ఎడమ ముందుకాలు ఆనగానే తల లేచింది. అంతవరకు నేను చూసింది నిజమే.

ఫుట్ రాట్ అనేశాను. అంటే గిట్టలు కుళ్లే రోగం, వానల్లో మందంతటికీ అంటుకుంటుంది. మిగతావాటికి పాకకముందే దీన్ని వదిలించుకోమన్నాను.

"పిల్ల ఇంకా పాలు తాగతంది బావూ," అంది.

"దీని కోసం మిగతా అయిదింటినీ పోగొట్టుకుంటావేటి?" అన్నాను.

ఆ మధ్యాహ్నమే మాంసం కొట్టుకు ఇచ్చేసింది. మర్నాడు పొద్దున వచ్చి, కోసిన కాలు ఒకటి నా మెట్టు మీద పెట్టింది. రెండు గిట్టల మధ్య పట్టాల కింద పరిచే బ్యాలస్ట్ రాతి ముక్క ఇరుక్కుని ఉంది. కుళ్లు లేదు, ఫుట్ రాట్‌కుండే కంపూ లేదు. వేలితో లాగితే వచ్చేసేది. పిల్ల సీసా పాలు ముట్టలేదు. నాలుగో రోజుకు పోయింది.

నడక ఏ కాలో చెబుతుంది, ఎందుకో చెప్పదు. అది తెలియాలంటే వంగాలి, కాలెత్తాలి, గిట్ట కడిగి వాసన చూడాలి. బురదకు జంకి నేను ఆ పని చెయ్యలేదు.

ఇంతవరకు రాసి, పైడితల్లికి చదివి వినిపించాను. గడ్డి మోపు దించకుండానే వింది.

"బురద కాదు. రాయేటైనా ఇరుక్కుందేమో, నాను కాలెత్తి పట్టుకుంటాను సూడు బావూ అని రెండుసార్లు అన్నాను. కాంపౌండరువి నువ్వా, నానా అని నవ్వినావు. అది రాయనేదేటి?"