రన్‌వే గోడ దగ్గర తిన్న రసాలు

మా తమ్ముడి కొడుకు జొన్నకూటి ప్రేమ్ కుమార్ గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. వాణ్ణి నిలబెట్టిందీ నేనే, పడగొట్టిందీ నేనే.

నేను చదివింది ఊరిబడిలో ఏడో క్లాసు. అయినా చాట్రాయి దగ్గర మామిడికి డ్రిప్పు వేసిన మొదటి రైతుని. రెండుసార్లు సర్పంచిని. చర్చికి గంట తెచ్చింది నేను. ప్రేమ్ లెక్కల్లో వెనకబడితే విస్సన్నపేటలో ట్యూషన్ పెట్టించిందీ నేనే. ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేరాడు. తొమ్మిదేళ్లు పని చేశాక, ఆకాశంలో విన్యాసాలు చేసే విమానాల జట్టుకు ఎంపికయ్యాడు. నాలుగో నంబరు విమానం వాడి చేతిలోది. ఎగిరే ముందు దాని చుట్టూ నేలంతా వంగి వెతికేవాడట, చిన్న మేకు కూడా ఉండకూడదని.

రెండేళ్ల కిందట వేసవిలో ఆ జట్టు మనకు దగ్గర్లోనే ప్రదర్శనకు వచ్చింది. ఊరి పేరు రాయను. ఇప్పటికైనా నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నాను.

"ప్రాక్టీసు ఎప్పుడురా?" అని ఫోన్లో వేధించాను.

"చెప్పకూడదు పెద్దనాన్నా."

"నాక్కూడానా? నీకు మొదటి నిక్కరు కుట్టించినోణ్ణిరా!"

నవ్వేశాడు. "గురువారం పదకొండుకి. మీ ఒక్కరికే. ఎవరితోనూ అనకండి."

సాయంత్రానికి మామిడి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. రెండు వ్యాన్లలో పంతొమ్మిది మందిమి వెళ్లి, రన్‌వే చివర గోడకు ఇవతల పొలంలో దిగాం. ఎనిమిది పెట్టెల చిన్నరసాలు, మా తోట కౌలుదారు వీరయ్య వండించుకొచ్చిన కోడి పలావు. తిన్నంత తిని తొక్కలు, టెంకలు, ఎముకలు అక్కడే పారేశాం.

"దేవదానం గారూ, మీవాడు పైలట్టాండీ?" అన్నాడు వీరయ్య.

"మావాడు సరేనంటేనే పైలట్టు ఎక్కేదయ్యా" అన్నాను మీసం దువ్వి.

ముందు కాకులు వాలాయి. వాటి వెనక గద్దలు. విమానాలు వచ్చాయి. నాలుగో నంబరు గోడ మీదుగా కిందికి దిగుతుంటే ఒక గద్ద పోయి ముందు అద్దానికి కొట్టుకుంది. మాకది కనపడలేదు. విమానం ఒక పక్కకు ఒరిగి ఊగితే, అదీ విన్యాసమే అనుకుని చప్పట్లు కొట్టాం. అద్దం పగిలి లోపల పైలట్‌కి ఒక కన్ను పోయింది. మిగిలిన కంటితోనే ఎలాగో దించాడాయన.

సైరన్లు మోగేసరికి వ్యాన్లెక్కి పారిపోయి వచ్చాం. పెట్టెలు అక్కడే ఉండిపోయాయి. ప్రతి పెట్టె మీదా 'జొన్నకూటి దేవదానం గారి తోట, చాట్రాయి'. అక్షరాలు ఇంకా పెద్దవి కావాలని అచ్చువాడితో పోట్లాడింది నేనే.

విచారణలో అధికారులు ఒక పెట్టె మూత ముందు పెట్టి ప్రేమ్‌ని అడిగారు. వాడు దాచలేదు.

"నేనొచ్చి తప్పు నాదని చెబుతానురా" అన్నాను.

"వద్దు పెద్దనాన్నా. విన్నది మీరు, చెప్పింది నేను."

జట్టులోంచి తీసేశారు. ఇప్పుడు ఎక్కడో స్టోర్లో బోల్టులు ఇస్తుంటాడు. విమానం ముట్టుకోనివ్వరు. "ఆ పైలట్ గారు నిన్నేమన్నారురా?" అని వాళ్లమ్మ లేయా అడిగితే, "ఏమీ అనలేదమ్మా, అదే భరించలేకపోతున్నాను" అన్నాడట.

మొన్న మే నెలలో సెలవుకి వచ్చాడు. బలవంతం చేస్తే ఒక్క రసం తిన్నాడు. తొక్క, టెంక గుప్పిట్లో పట్టుకుని ఒకసారి పైకి చూశాడు.

"ఇది ఎక్కడ వేయమంటారు పెద్దనాన్నా?"

పద్దెనిమిది ఎకరాల తోట నాది. చోటు చూపించలేకపోయాను.