బాపు రక్తపరీక్ష

మా బాపు జన్మలో మందు చుక్క ముట్టలేదు. అయినా ఒక ఆదివారం వరంగల్‌లోని మా చర్చిలో ప్రభు భోజనం పంచుతూ చెయ్యి వణికి, ద్రాక్షరసం తెల్లగుడ్డ మీద ఒలకబోసేసరికి తాగుబోతు అయిపోయాడు. ఆయన సంఘ పెద్ద కాబట్టి అందరి కళ్లూ ఆయన మీదే. వెనక బెంచీలోంచి ఒకావిడ నాకు వినబడేలాగే అంది: "పొద్దుగాల్నే ఏసుకొని వచ్చినట్టుండు."

అది డెబ్బైల చివర. బాపు స్కూల్లో పంతులు. నేను హనుమకొండలో ఒక డాక్టరు దగ్గర రక్తపరీక్షలు చేసేదాన్ని. కొత్త ఉద్యోగం, పొగరు కూడా బాగానే ఉండేది.

రెండు వారాల్లో పుకారు స్కూలు దాకా పాకింది. బాపును పెద్దరికం నుంచి తీసేయాలని సంఘంలో నలుగురు పట్టుబట్టారు. పాస్టరయ్య మంచివాడే. అమ్మను పిలిచి, "రోగమని డాక్టరు కాయితం తెస్తే అందరి నోళ్లు నేను మూయిస్తనమ్మా. కాయితం లేకుంటే నా చేతుల ఏం లేదు" అన్నాడు.

మా డాక్టరు బాపు చెయ్యి చూశాడు, బిగుసుకుపోయిన కుడి భుజం చూశాడు. కీళ్లవాతం కావచ్చు, ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష చేయమని నాకే చెప్పాడు. ఒంట్లో వాపు ఉంటే రక్తంలో కొన్ని ప్రొటీన్లు పెరుగుతాయి. అవి పెరిగితే ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకుని గాజుగొట్టంలో తొందరగా కిందికి దిగుతాయి. గంటలో ఎంత దిగాయో చూసి రాయడమే నా పని.

గొట్టాన్ని నిలబెట్టి దాని ఎదురుగానే కూర్చున్నాను. తండ్రి రక్తంలో రోగం ఉండకూడదని ఏ బిడ్డయినా మొక్కుకుంటుంది. నేను ఉండాలని ప్రార్థన చేశాను. అరగంట గడిచినా రక్తం దిగినట్టే లేదు. గోడ గడియారాన్ని తిట్టుకున్నాను. గంటకు ఎనిమిది మిల్లీమీటర్లు. ఏ వాపూ లేదు.

తలుపు సందులోంచి చూస్తే బయట బెంచీ మీద అమ్మ, పక్కన బాపు. వణికే చేతిని తొడ కింద నొక్కిపెట్టుకుని కూర్చున్నాడు. ఆయన అలా దాచుకోవడం నేను తట్టుకోలేకపోయాను. ఎనిమిది ముందు ఒక నాలుగు రాశాను.

నలభై ఎనిమిది చూసి డాక్టరు కీళ్లవాతం అని రాసిచ్చాడు. పాస్టరయ్య మాట నిలబెట్టుకున్నాడు, నోళ్లు మూతపడ్డాయి. బాపు పరువు కాపాడానని నేను లోలోపల మురిసిపోయాను కూడా.

వాపు తగ్గే గోలీలు బాపు ఏడాదిన్నర మింగాడు. కడుపులో మంట పుట్టింది కానీ వణుకు తగ్గలేదు. అడుగులు కురచయ్యాయి, మొహంలో కదలిక పోయింది. ప్రతి నెలా ఆ మందుల చీటీ పట్టుకుపోయి గోలీలు నేనే తెచ్చేదాన్ని. రేపు చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని కాదు, బాపుకు తెలుస్తుందని భయం.

చివరికి హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడి పెద్ద డాక్టరు బాపును నాలుగడుగులు నడిపించాడు, కాగితం మీద పేరు రాయించాడు. చీమల్లాంటి అక్షరాలు వచ్చాయి. "ఇది పార్కిన్సన్స్. మెదడుకు సంబంధించిన జబ్బు. రక్తపరీక్షలో దొరకదు" అన్నాడు. తర్వాత పాత కాగితాలు తిరగేస్తూ నా రిపోర్టు దగ్గర ఆగిపోయాడు.

"ఈ అంకె చూసే కీళ్లకు మందులిచ్చిండ్రు. అసలు మందు అప్పుడే మొదలుపెడితే ఈయన ఇన్ని రోజులు ఇంత తిప్పలు పడకపోతుండె. ఎవరు చేసిండ్రు ఈ పరీక్ష?"

బాపుకు అప్పటికే మాట తొందరగా వచ్చేది కాదు. కూడదీసుకుని, నా వైపు చెయ్యి చూపించి అన్నాడు:

"మా బిడ్డనే సార్. మస్తు జాగ్రత్తగ చేస్తది."